బాణం దానంతట అదే కదిలింది: 2015 ఉక్రెయిన్ కరెంటు దాడిపై ఒక కేస్ స్టడీ

2015 డిసెంబరు 23, బుధవారం. మధ్యాహ్నం మూడున్నర. పశ్చిమ ఉక్రెయిన్‌లో ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ ప్రాంతానికి కరెంటు ఇచ్చే ప్రికార్‌పత్యాఓబ్లెనెర్గో కంట్రోల్ సెంటర్లో ఒక ఆపరేటర్ షిఫ్ట్ దిగే ముందు బల్ల మీద కాగితాలు సర్దుకుంటున్నాడు. ఎదురుగా స్క్రీన్ మీద మౌస్ బాణం కదలడం మొదలుపెట్టింది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం నేరుగా ఒక సబ్‌స్టేషన్ బ్రేకర్ల దగ్గరకు, అంటే లైన్లను కలిపే, తెంచే పెద్ద స్విచ్‌ల దగ్గరకు, వెళ్ళి క్లిక్ చేసింది. నిజంగానే ఓపెన్ చేయాలా, అంటే కరెంటు ఆపాలా, అని అడుగుతూ చిన్న పెట్టె వచ్చింది. దానికీ అవునని కొట్టింది. ఊరికి అవతల ఎక్కడో బ్రేకర్ పడింది, వేల ఇళ్ళలో కరెంటు పోయింది. అతను మౌస్ పట్టుకుని అటూ ఇటూ లాగి చూశాడు, లాభం లేకపోయింది. కాసేపటికి కంప్యూటర్ అతన్ని బయటికి నెట్టేసింది. మళ్ళీ లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ మార్చేసి ఉంది. బాణం మాత్రం ఒకదాని తర్వాత ఒకటి బ్రేకర్లు ఓపెన్ చేసుకుంటూ పోయింది.

నేను మొదట సబ్‌స్టేషన్లలో ఆర్‌టీయూలు, అంటే కంట్రోల్ రూమ్ ఇచ్చే కమాండ్లను బ్రేకర్లకు అందించే పరికరాలు, పెట్టే పని చేసేవాణ్ణి. ప్యానెల్ వెనక కూర్చుని వైర్లు కలపడం, టెర్మినల్ నంబర్లు సరిచూసుకోవడం, కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి "సార్, ఇప్పుడు ఓపెన్ కమాండ్ ఇవ్వండి" అనడం, బ్రేకర్ ధన్‌మని పడగానే కాగితం మీద టిక్కు పెట్టుకోవడం. కొన్నేళ్ళ తర్వాత అవే వ్యవస్థల భద్రత చూసే పనిలోకి వచ్చాను. ఉక్రెయిన్ సంగతి మొదటిసారి వివరంగా చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ధన్ శబ్దమే. మేం టెస్టింగ్ రోజున ఇచ్చే కమాండునే వాళ్ళూ ఇచ్చారు. బ్రేకర్ కూడా చెప్పిన పని చెప్పినట్టు చేసింది. పరికరాల్లో ఎక్కడా లోపం లేదు.

ఈ కేసును చాలామంది "వైరస్ వల్ల కరెంటు పోయిన మొదటి ఘటన" అని చెబుతుంటారు. ఆ మాట నాకు సరిగ్గా అనిపించదు. శిక్షణ తరగతుల్లో కూడా మొట్టమొదట వచ్చే ప్రశ్న "ఏ వైరస్ సార్?" అనే. వైరస్ వాళ్ళను ఆఫీసు దాకా తెచ్చింది, అంతే. బ్రేకర్లు ఓపెన్ చేసింది మనుషులు, ఎక్కడో కూర్చుని, మన ఆపరేటర్ వాడే స్క్రీన్‌తోనే. ఈ తేడా పట్టుకోకపోతే ఆ తర్వాత మనం చేసే ఏర్పాట్లన్నీ దారి తప్పుతాయి.

లోపలికి వచ్చిన దారి

ఉక్రెయిన్‌లో ఓబ్లెనెర్గో అంటే మన డిస్కమ్ లాంటిది, ఒక్కో ప్రాంతానికి ఒకటి. ఆ రోజు దెబ్బ తిన్నవి మూడు: ప్రికార్‌పత్యాఓబ్లెనెర్గో, కీవ్‌ఓబ్లెనెర్గో, చెర్నివ్‌ట్సీఓబ్లెనెర్గో. ఈ మూడింటిలోకీ దొంగలు అడుగుపెట్టింది ఆ మధ్యాహ్నం కాదు, అంతకు నెలల ముందే. 2015 వసంతకాలంలో ఆఫీసు సిబ్బందికి మెయిళ్ళు వచ్చాయి. వాటికి వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు జోడించి ఉన్నాయి. ఫైలు తెరిస్తే మాక్రోలు, అంటే ఫైలు లోపల ఉండే చిన్న ప్రోగ్రాములు, ఆన్ చేయమని అడుగుతుంది. కొందరు ఆన్ చేశారు. దాంతో బ్లాక్‌ఎనర్జీ 3 అనే మాల్వేర్ ఆ కంప్యూటర్లలో కూర్చుంది.

అయితే అది కూర్చున్నది ఆఫీసు నెట్‌వర్క్‌లో. జీతాలు, బిల్లులు, మెయిళ్ళు ఉండే వైపు. సబ్‌స్టేషన్లను దూరం నుంచి చూస్తూ బ్రేకర్లు నడిపే స్కాడా నెట్‌వర్క్ వేరే, మధ్యలో ఫైర్‌వాల్ ఉంది. అదేదో నామమాత్రపు గోడ కాదు, ఉన్నంతలో బాగానే కట్టుకున్నదే. మరి ఎలా దాటారు? గోడ జోలికే పోలేదు. ఉద్యోగులు బయటి నుంచి స్కాడాలోకి లాగిన్ అవడానికి వీపీఎన్ అనే దారి ఉంది. దానికి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటే చాలు. ఫోన్‌కి వచ్చే ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. ఆఫీసు నెట్‌వర్క్‌లో విండోస్ ఖాతాలన్నీ చూసే డొమైన్ కంట్రోలర్‌ను చేజిక్కించుకుని, ఆ పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఎత్తుకుని, ఉద్యోగుల్లాగే దర్జాగా తలుపు తీసుకుని లోపలికి వచ్చారు.

వచ్చాక తొందరపడలేదు. ఈ కేసు మొత్తంలో నాకు ఎక్కువ భయం కలిగించే భాగం ఇదే. మూడు సంస్థల్లోనూ పంపిణీ వ్యవస్థను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి కాదు. స్క్రీన్లు వేరు, మెనూలు వేరు. ఆరు నెలలకు పైగా వాళ్ళు లోపల తిరుగుతూ అవన్నీ నేర్చుకున్నారు. ఎక్కడ ఏ సబ్‌స్టేషన్, దాన్ని నెట్‌వర్క్‌కి కలిపే కన్వర్టర్ ఏది, యూపీఎస్‌ను ఎక్కడి నుంచి నడుపుతారు, అన్నీ చూసుకున్నారు. కొత్తగా చేరిన ట్రైనీకి కూడా మనం అంత సమయం ఇవ్వం. ఆ ఆరు నెలల్లో స్కాడా వైపు లాగిన్ల జాబితాను వారానికి ఒక్కసారి ఎవరైనా శ్రద్ధగా చదివి ఉంటే కథ అక్కడే ఆగిపోయే అవకాశం ఉండేది. లాగ్‌లు ఉన్నాయి కూడా. దాడి తర్వాత ఏం జరిగిందో పరిశోధకులు పేర్చుకోగలిగారంటే ఆ లాగ్‌ల పుణ్యమే. అవి పోస్ట్‌మార్టానికి పనికొచ్చాయి, ముందు ఎవరికీ పనికి రాలేదు.

ఆ మధ్యాహ్నం

మూడు సంస్థల మీదా అరగంట తేడాలో దాడి మొదలైంది. కొన్నిచోట్ల ఆపరేటర్ కంప్యూటర్‌నే దూరం నుంచి పట్టుకుని మౌస్ నడిపారు. మరికొన్ని చోట్ల వీపీఎన్ ద్వారా తమ కంప్యూటర్ నుంచే ఆపరేటర్ సాఫ్ట్‌వేర్ తెరిచి కమాండ్లు పంపారు. ఒక్క కీవ్‌ఓబ్లెనెర్గోలోనే 110 కేవీ సబ్‌స్టేషన్లు 7, 35 కేవీ సబ్‌స్టేషన్లు 23 పడిపోయాయి. మూడు సంస్థల్లో కలిపి సుమారు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. డిసెంబరు నెలాఖరు, అక్కడ ఎముకలు కొరికే చలి.

బ్రేకర్లు పడగొట్టి ఊరుకుంటే ఆపరేటర్లు రెండు నిమిషాల్లో మళ్ళీ వేసేస్తారు. అది వాళ్ళకీ తెలుసు. అందుకే చుట్టూ ఇంకో నాలుగు పనులు చేశారు. కంట్రోల్ సెంటర్ల యూపీఎస్‌లు నెట్‌వర్క్‌కు కలిపి ఉండటంతో, సరిగ్గా ఆ సమయానికి అవి ఆగిపోయేలా ముందే షెడ్యూల్ పెట్టారు. దాంతో రెండు సంస్థల్లో కరెంటు తిరిగి తేవాల్సిన వాళ్ళే చీకట్లో పడ్డారు. కస్టమర్ కాల్ సెంటర్‌ను వేల దొంగ కాల్స్‌తో నింపేశారు. ఎక్కడెక్కడ కరెంటు పోయిందో జనం చెప్పుకోవడానికి లైను దొరకలేదు. చివర్లో కిల్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో కంప్యూటర్లు మళ్ళీ బూట్ కాకుండా తుడిచేశారు.

నాలుగోది సబ్‌స్టేషన్లలో జరిగింది. దాని దగ్గర కాస్త ఆగుతాను.

సబ్‌స్టేషన్ ప్యానెల్ గదిలో ఆర్‌టీయూ పక్కన అరచేతి సైజులో కన్వర్టర్ అనే ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఒక వైపు ఆర్‌టీయూ నుంచి వచ్చే పాత సీరియల్ కేబుల్, ఇంకో వైపు ల్యాన్ కేబుల్. సీరియల్ భాషను నెట్‌వర్క్ భాషలోకి మార్చడమే దాని పని. రెండు మూడు చిన్న లైట్లు మినుకు మినుకుమంటూ ఉంటాయి. లక్షలు పోసి కొన్న బ్రేకర్, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆస్తుల రిజిస్టర్లో కూడా చాలాచోట్ల దాని పేరుండదు. ఉక్రెయిన్‌లో దాడి చేసినవాళ్ళు డజనుకు పైగా సబ్‌స్టేషన్లలో సరిగ్గా ఈ పెట్టెల్నే ఎంచుకున్నారు. వాటిని లోపల నడిపే ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్ మీద చెత్త రాసేశారు. ఆ తర్వాత అవి ఇటుక రాళ్ళతో సమానం. రీసెట్ చేసినా రావు, కంపెనీ నుంచి కొత్తవి తెప్పించుకోవాల్సిందే. కంట్రోల్ సెంటర్లో కంప్యూటర్లు బాగైనా సబ్‌స్టేషన్‌తో మాట్లాడే గొంతు పోయింది.

నేను ఇలాంటి పెట్టెలు నా చేతులతో చాలా బిగించాను. డబ్బా తెరిచి, రైలు మీద నొక్కి, ల్యాప్‌టాప్‌తో దాని పేజీ తెరిచి, ఐపీ అడ్రస్ పెట్టి బయటికి వచ్చేసేవాణ్ణి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఒక్కసారి కూడా మార్చలేదు. చెక్‌లిస్టులో ఆ గడి లేదు, ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఆ పాస్‌వర్డ్ మాన్యువల్ మొదటి పేజీల్లోనే అచ్చు వేసి ఉంటుంది. ఈ కేసు చదివాక ఎన్ని సబ్‌స్టేషన్లలో అలా వదిలేసి వచ్చానో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. భద్రత వైపు పూర్తిగా రావడానికి అది ఒక కారణం.

కరెంటు తిరిగొచ్చింది బండ్ల మీద

ఉక్రెయిన్ వాళ్ళు గంట నుంచి ఆరు గంటల్లోపు కరెంటు తెచ్చుకున్నారు. కంప్యూటర్లు లేవు, స్కాడా లేదు, రిమోట్ లేదు. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్ళారు. రిమోట్‌ను పక్కన పెట్టి బ్రేకర్లు చేత్తో వేశారు. స్కాడా రాకముందు రోజూ చేసిన పని కాబట్టి వాళ్ళకు అలవాటు పోలేదు. దాడి జరిగి రెండు నెలలు దాటాక కూడా కంట్రోల్ సెంటర్లు పూర్తిగా కోలుకోలేదు. చేత్తోనే నడుపుతూ వచ్చారు.

పారిశ్రామిక వ్యవస్థల సైబర్ భద్రత చూసే అమెరికా ప్రభుత్వ విభాగం ఐసీఎస్-సెర్ట్ 2016 ఫిబ్రవరి 25న ఈ ఘటనపై హెచ్చరిక విడుదల చేసింది. ఆ మార్చిలో ఉత్తర అమెరికా విద్యుత్ రంగ సంస్థ ఈ-ఐసాక్, సైబర్ భద్రత శిక్షణ సంస్థ సాన్స్ కలిసి ఇంకా వివరమైన విశ్లేషణ ఇచ్చాయి. దాడి వెనకున్న ముఠాను భద్రతా రంగంలో శాండ్‌వర్మ్ అంటారు. 2020 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ రష్యా సైనిక గూఢచారి సంస్థ జీఆర్‌యూకి చెందిన ఆరుగురు అధికారులపై అభియోగాలు మోపింది. వాటిలో ఈ దాడి కూడా ఉంది.

చాలా సమీక్షలు ఇక్కడ ఆగిపోతాయి. "చేత్తో నడపడం మర్చిపోకండి" అని చెప్పి ముగిస్తాయి. నేనూ కొన్నాళ్ళు అదే చెప్పాను. కానీ ఆ ముఠా కూడా ఇదే పాఠం నేర్చుకుంది.

2016 డిసెంబరు 17 అర్ధరాత్రి కావస్తుండగా కీవ్ ఉత్తరాన ఉన్న పివ్‌నిచ్నా 330 కేవీ సబ్‌స్టేషన్ పడిపోయింది. ఈసారి మౌస్ కదపడాల్లేవు. ఇండస్ట్రాయర్ అనే ప్రోగ్రామ్ సబ్‌స్టేషన్ పరికరాల భాషలోనే, అంటే ఐఈసీ 104 లాంటి ప్రోటోకాల్స్‌లో, తనే నేరుగా కమాండ్లు పంపింది. కీవ్ నగరంలో ఐదో వంతుకు కరెంటు పోయింది. గంటంపావులో మళ్ళీ చేత్తోనే తెచ్చారు. ఏడాది క్రితం దానితో పోలిస్తే చిన్న దాడి అని అందరూ అనుకున్నారు.

ఆ ప్రోగ్రామ్‌లో ఇంకో భాగం ఉంది. లైనులో ఫాల్ట్ వస్తే బ్రేకర్‌ను వెంటనే పడేసే రక్షణ రిలేల్లో ఒక రకానికి ఒక ప్రత్యేక ప్యాకెట్ పంపి వాటిని మొద్దుబారేలా చేసే భాగం. 2019లో సైబర్ భద్రతా సంస్థ డ్రాగోస్ విశ్లేషకుడు జో స్లోవిక్ దీని వరుస గమనించి చెప్పింది ఇదీ: ముందు బ్రేకర్లు పడగొట్టాలి, తర్వాత కంట్రోల్ కంప్యూటర్లు తుడిచేయాలి, ఆ తర్వాత రిలేలను నిద్రపుచ్చాలి. అప్పుడు సిబ్బంది కంగారుగా సబ్‌స్టేషన్‌కి వచ్చి, స్క్రీన్ మీద ఏమీ కనపడని స్థితిలో, చేత్తో బ్రేకర్లు వేస్తారు. లైనులో ఫాల్ట్ ఉంటే ట్రిప్ చేయాల్సిన రిలే లేవదు. అప్పుడు కాలేది పరికరం. ట్రాన్స్‌ఫార్మరో, లైనో, పక్కనే నిలబడ్డ మనిషో. రిలేల ఐపీ అడ్రస్‌లు రాయడంలో వాళ్ళు చేసిన కోడింగ్ తప్పు వల్ల ఆ భాగం పని చేయలేదు. కీవ్ అలా బయటపడింది.

2015లో ఊరిని కాపాడింది చేత్తో బ్రేకర్ వేసిన మనిషి. 2016లో గురి పెట్టింది ఆ మనిషి చేతి మీద. నాకు ఈ కేసంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

మన దగ్గర

మన దగ్గర ఇలాంటివి జరగవు అని ఇప్పుడు ఎవరూ అనరు. 2019 అక్టోబరులో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం ఆఫీసు వైపు కంప్యూటర్లో మాల్వేర్ ఉన్న మాట నిజమేనని దాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. రియాక్టర్ నడిపే వ్యవస్థ జోలికి అది రాలేదు. 2021 ఫిబ్రవరి నెలాఖరులో రికార్డెడ్ ఫ్యూచర్ అనే సైబర్ భద్రతా సంస్థ, గ్రిడ్‌లో కరెంటు సరఫరాను సమన్వయం చేసే మన లోడ్ డిస్పాచ్ సెంటర్ల మీద చైనా ముఠా కన్ను ఉందని నివేదిక ఇచ్చింది. ఆ వెంటనే మార్చిలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నుంచి తెలంగాణ ట్రాన్స్‌కోకు హెచ్చరిక వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విద్యుత్ రంగానికి సైబర్ భద్రత మార్గదర్శకాలు తెచ్చింది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పి తీరాలి. కాగితం మీద మనకు కొరత లేదు.

నాకు సబ్‌స్టేషన్‌లో ఏముందో చూడాలనిపించింది. నేను పనిచేసిన ఒక పంపిణీ సంస్థలో పై అధికారుల్ని ఒప్పించి, లోడు తక్కువగా ఉండే ఆదివారం ఉదయం ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో డ్రిల్ పెట్టాం. షరతు ఒక్కటే: స్కాడా చచ్చిపోయింది అనుకోవాలి. అనుకోవడం కాదు, ఆ అరచేతి పెట్టె నుంచి ల్యాన్ కేబుల్ నిజంగానే పీకేశాం. ఒక 11 కేవీ ఫీడర్‌ను, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళోకి వెళ్ళే ఒక లైనును, ముందే చెప్పి ఆపాం, అక్కడి జనానికి మెసేజ్ కూడా వెళ్ళింది. ఇప్పుడు దాన్ని చేత్తో వేయాలి.

కంట్రోల్ రూమ్‌లో మొదటి ఇబ్బంది ఫోన్ దగ్గరే వచ్చింది. సబ్‌స్టేషన్ల నంబర్లన్నీ ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. ఫైలు కంప్యూటర్లో ఉంది. డ్రిల్ నియమం ప్రకారం కంప్యూటర్ లేదు. ఏఈ గారు తన సొంత ఫోన్లో వెతికి ఒక నంబర్ పట్టారు. అది ఆర్నెల్ల క్రితం బదిలీ అయిన ఆపరేటర్‌ది.

సబ్‌స్టేషన్‌లో ఆ షిఫ్ట్‌లో ఇద్దరున్నారు. ఒకాయన రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ షిఫ్ట్ ఆపరేటర్, ఇంకో కుర్రాడు స్కాడా వచ్చాక చేరినవాడు. కుర్రాడు నేరుగా ప్యానెల్ దగ్గరికెళ్ళి బ్రేకర్‌ను చేత్తో వేసే, తీసే టీఎన్‌సీ స్విచ్‌ను క్లోజ్ వైపు తిప్పాడు. ఏమీ జరగలేదు. ఇంకోసారి గట్టిగా తిప్పాడు. ఏమీ లేదు. వాడి ముఖంలో టెన్షన్ కనపడుతూనే ఉంది.

"బ్రేకర్ పోయిందేమో అన్నా" అన్నాడు.

పెద్దాయన లేవకుండానే, "ముందు లోకల్‌లో పెట్టు నాయనా. రిమోట్‌లో ఉండగా నువ్వెంత తిప్పినా వినదు" అన్నాడు.

లోకల్, రిమోట్ స్విచ్‌కి తాళం ఉంది. తాళంచెవి లేదు. రెండేళ్ళుగా ఎవరికీ అవసరం పడలేదు కాబట్టి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. బ్యాటరీ గదిలో పాత లాగ్‌బుక్కుల వెనక ఒక డబ్బాలో దొరికింది. పద్దెనిమిది నిమిషాలు దానికే పోయాయి. నిజంగా దాడి జరిగిన రోజైతే ఆ పద్దెనిమిది నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఊహించుకోండి.

తాళం తిప్పాక కుర్రాడు మళ్ళీ టీఎన్‌సీ మీద చెయ్యి వేశాడు. అప్పుడు నేను ఆపాను. "రిలే చూశావా?" అని అడిగాను. వాడు నా వైపు చూశాడు, పెద్దాయన కూడా చూశాడు. ఆయనకి పాత రిలేలు బాగా తెలుసు, జెండా పడితే తెలుస్తుంది, చేత్తో రీసెట్ చేస్తాం. ఇప్పుడున్నది కంప్యూటర్ రిలే. హెల్దీ అనే పచ్చ లైటు వెలుగుతోందా, డిస్‌ప్లేలో ఆంపియర్లు, వోల్టులు కదులుతున్నాయా లేక బిగుసుకుపోయాయా, బ్రేకర్‌ను పడేసే ట్రిప్ సర్క్యూట్ బాగుందో లేదో చెప్పే ప్యానెల్ మీది హెల్దీ బటన్ నొక్కితే బల్బు వెలుగుతోందా అని చూడాలి. పివ్‌నిచ్నాలో ఆ రిలేలకి ఏం చేయబోయారో వాళ్ళిద్దరికీ అక్కడే, ప్యానెల్ ముందు నిలబడే చెప్పాను. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే మనం వేసే బ్రేకరే మన మీద పడేట్టు చేశారన్నమాట" అన్నాడు.

పక్క ఫీడర్ రిలే డిస్‌ప్లేలో అంకెలు కదులుతున్నాయి. ఆపిన ఫీడర్ రిలేలో ఆంపియర్లు సున్నా, అది సరే, కానీ హెల్దీ లైటు వెలుగుతోంది. ట్రిప్ సర్క్యూట్ బల్బు వెలిగింది. బ్యాటరీ ఛార్జర్ మీటర్ సరిగ్గా ఉంది. బ్రేకర్ దగ్గర స్ప్రింగ్ ఛార్జ్ అయినట్టు గుర్తు కనిపిస్తోంది. అప్పుడు టీఎన్‌సీ తిప్పాడు. ధన్.

ఇంకో విషయం అక్కడే పరీక్షించాం. బ్రేకర్ ఒకసారి వేయడానికి స్ప్రింగ్ ముందే బిగిసి ఉంటుంది. వేసిన మరుక్షణం మోటర్ తిరిగి దాన్ని మళ్ళీ బిగిస్తుంది. కానీ సబ్‌స్టేషన్‌కే సప్లై లేనప్పుడు, ఆ మోటర్‌కి స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే కరెంటు రావాల్సి ఉంటే, అది తిరగదు. అలాంటప్పుడు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. హ్యాండిల్ ఏదని అడిగితే పెద్దాయన నవ్వలేదు, తల దించుకున్నాడు. పక్క సబ్‌స్టేషన్ వాళ్ళు ఎప్పుడో పట్టుకెళ్ళారట, తిరిగి రాలేదట. ఆయన తప్పేం కాదు. అది అవసరమని ఎవరూ ఆయన్ని అడగలేదు.

గోడ మీద సబ్‌స్టేషన్ లైన్లన్నీ చూపే సింగిల్ లైన్ డయాగ్రాంలో కొత్తగా వేసిన ఫీడర్ లేదు. ఆ అరచేతి పెట్టె పేజీ తెరిస్తే కంపెనీ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంది. బిగించింది నేను కాదు, కానీ నేనైనా అలాగే వదిలేసేవాణ్ణి. కంట్రోల్ సెంటర్ యూపీఎస్ నెట్‌వర్క్ కార్డు ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ వాళ్ళ కోసం తెరిచిన వీపీఎన్ ఖాతా రాత్రీ పగలూ తెరిచే ఉంది, ఒకే పాస్‌వర్డ్, ఆ కంపెనీలో ఎంతమంది దాన్ని వాడుతున్నారో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఇది చూసినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు చల్లబడింది. ఉక్రెయిన్‌లో తెరుచుకున్న తలుపు ఇదే.

మార్చినవి, మారనివి

ఆ వీపీఎన్ ఖాతా అదే రోజు మూసేశాం. సపోర్ట్ కావాలంటే ఇప్పుడు వాళ్ళు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేయాలి. షిఫ్ట్ ఇంజనీర్ తెరుస్తాడు, మధ్యలో ఉన్న ఒక కంప్యూటర్ దాకే వాళ్ళకు దారి, ఓటీపీ ఉంటేనే. పని అయ్యాక షిఫ్ట్ ఇంజనీరే మూసి లాగ్‌బుక్‌లో సమయం రాస్తాడు. మొదటి నెల ఆ కంపెనీ వాళ్ళు చాలా గొణిగారు. మా వాళ్ళు కూడా, రాత్రి రెండింటికి లేచి తలుపు తీయాల్సి వస్తోందని. ఆ ఇబ్బంది నిజమే, నేను కాదనను. కానీ ఆ ఇబ్బందే ఇక్కడ తాళం. దాన్ని తేలిక చేద్దామని ఏ ప్రయత్నం చేసినా తలుపు మళ్ళీ తెరిచి పెట్టినట్టే.

యూపీఎస్ కార్డుల కేబుళ్ళు పీకేశాం. వాటిని దూరం నుంచి చూడాల్సిన అవసరం ఎవరికీ లేదని తేలింది. స్కాడా వైపు లాగిన్ల జాబితాను ప్రతి సోమవారం ఒక ఏఈ ప్రింట్ తీసి, ప్రతి పేరు ఎదురుగా ఆ రోజు అతను నిజంగా డ్యూటీలో ఉన్నాడా అని షిఫ్ట్ చార్టుతో సరిచూస్తున్నారు. అరగంట పని. మూడో వారంలోనే సెలవులో ఉన్న మనిషి పేరుతో ఒక లాగిన్ బయటపడింది. విచారిస్తే పాస్‌వర్డ్ పక్క సీటు వాళ్ళకి ఇచ్చి వెళ్ళాడని తేలింది. దాడేమీ కాదు, కానీ పట్టుకునే కన్ను ఉందని తెలిసింది.

కన్వర్టర్ల పాస్‌వర్డ్‌లు మార్చాం, సెట్టింగుల కాపీలు నెట్‌వర్క్‌కి కలపని డ్రైవ్‌లో పెట్టాం. ఫోన్ నంబర్ల పట్టిక అచ్చు వేసి గోడకి అంటించాం. కొత్త ఫీడర్‌ను డయాగ్రాంలోకి ఎక్కించాం. చేత్తో బ్రేకర్ వేసే వరుసను ఒక పేజీలో తెలుగులో రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించాం. అందులో మొదటి మాట "క్లోజ్" కాదు, "రిలే". ఆ పేజీ రాసేటప్పుడు ప్రతి వాక్యం పెద్దాయన చేత చదివించాను. "హెల్త్ ఇండికేషన్ పరిశీలించవలెను" అని నేను రాస్తే ఆయన కొట్టేసి "పచ్చ లైటు వెలుగుతోందా చూడు" అని రాయించాడు.

మూడు నెలలకోసారి డ్రిల్ చేస్తున్నాం. రెండోసారి కుర్రాడు ఎవరూ చెప్పకుండా తాళంచెవి తెచ్చుకుని, రిలే చూసి, బల్బు నొక్కి చూసి, అప్పుడు లోకల్‌కి తిప్పాడు. తెప్పించిన హ్యాండిల్‌ను గొలుసుతో ప్యానెల్ పక్కనే కట్టాం. పెద్దాయన లాగ్‌బుక్‌లో సమయం వేసి, కింద ఇలా రాశాడు: "స్కాడా లేదు. రిలే హెల్దీ. ట్రిప్ సర్క్యూట్ హెల్దీ. లోకల్. చేత్తో వేశాం."

ఇంకా తెగనివి రెండున్నాయి. స్పేర్ కన్వర్టర్లు అడిగాం. ఏడు సబ్‌స్టేషన్లకు కలిపి రెండే వచ్చాయి, మిగతావి కొనుగోలు విభాగంలో ఉన్నాయి. రిలేల్లో పాత ఫర్మ్‌వేర్ ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటిని మార్చాలంటే ఒక్కో ఫీడర్‌ను ఆపాలి, ఎండాకాలం లోడులో ఎవరూ ఆపనివ్వరు. వానలు పడ్డాక మొదలుపెట్టడానికి తేదీలు అడిగి ఉంచాం.